పావురాలు, ఉప్పు, ఫ్రాన్సు రాజు

ఫ్రాన్సులో 16వ లూయీ రాజు కాలంలో పొలం దున్నేవాడికి భూమిశిస్తు, పైన ఉప్పు పన్ను. దొరలకి, చర్చి పెద్దలకి చాలావరకు శిస్తు మాఫీ. దొర పెంచిన పావురాలు చల్లిన విత్తనాలు తిన్నా, వేట కోసం వదిలిన కుందేళ్ళు పైరు మేసినా రైతు చంపకూడదు, చంపితే నేరం!

1788 జూలై 13న వడగళ్ళు పడి చాలాచోట్ల పంట పోయింది. రొట్టె ధర పెరిగింది. ఖజానా ఖాళీ. 1789లో రాజే ఊరూరా కష్టాలు రాసి పంపమన్నాడు. చాలా ఊళ్ళవాళ్ళు ఉప్పు పన్ను, పావురాల సంగతే రాశారు. సభలో మాత్రం ఓట్లు ఎలా లెక్కపెట్టాలన్న తగువుతోనే వారాలు గడిచాయి. జనం లేచారు. ఆగస్టు 4 రాత్రి దొరల హక్కులు రద్దని సభ తీర్మానించింది. తన పొలంలో పడ్డ జంతువుని చంపే హక్కు భూమిగలవాడికి వచ్చింది.

1793 జనవరి 21న రాజు తల తెగింది. రైతు చేత అర్జీ రాయించుకున్నాక ఊరకే కూర్చోకూడదండీ.