సరళరేఖ రైలు, చిన్న మదుపరి

1888లో ఫ్రాంక్ స్ప్రేగ్ అనే ఇంజనీరు వర్జీనియాలోని రిచ్‌మండ్ నగరంలో విద్యుత్ ట్రాములను సమర్థంగా నడిపి చూపిన తరువాత అమెరికా వీధుల్లో గుర్రపు ట్రాములు త్వరత్వరగా కనుమరుగు కాగా, అదే బండిని ఊరి పొలిమేర దాటించి పక్క పట్టణం దాకా నడపవచ్చునన్న ఆలోచన 1890ల చివరికి ఒహాయో, ఇండియానా రాష్ట్రాలలో బలపడింది. ఇట్లా ఊరికీ ఊరికీ నడుమ తిరిగిన విద్యుత్ రైలుకు ‘ఇంటర్అర్బన్’ అన్న పేరు స్థిరపడింది. ఆవిరి రైళ్ళు అరుదుగా ఆగే పల్లెల గుండా ఇది తరచుగా నడిచి, తక్కువ చార్జీకి రైతును పట్నం చేర్చేది కనుక దాని ఉపయోగాన్ని గురించి జనానికి నచ్చజెప్పవలసిన పని లేకపోయింది. నచ్చజెప్పవలసి వచ్చింది దాని లాభాన్ని గురించే.

ఆ పని ప్రమోటరుది. మార్గాన్ని తలపెట్టి, వీధుల్లో పట్టాలు వేయడానికి పురపాలక సంఘాల అనుమతులు తెచ్చి, కంపెనీని నమోదు చేయించే ఈ వ్యక్తి, మామూలుగా నిర్మాణానికి కావలసిన డబ్బును బాండ్ల ద్వారా, అనగా నిర్ణీత వడ్డీ చెల్లించే దీర్ఘకాలిక రుణపత్రాల ద్వారా సేకరించి, బాండు కొన్నవారికి సాధారణ వాటాలను కొసరుగా ఇచ్చేవాడు. వెనుక తగిన ఆస్తి లేకుండా జారీ అయ్యే ఇటువంటి వాటాలకు ‘నీళ్ళు కలిపిన వాటాలు’ అని పేరు. బాండు పట్టుకున్నవాడికి వడ్డీ ముందు చెల్లేది. వాటాదారుకు దక్కేది మిగిలితేనే.

1906 జూలైలో షికాగో పత్రికలలో పూర్తి పేజీ ప్రకటనలతో వెలసిన షికాగో–న్యూయార్క్ ఎలక్ట్రిక్ ఎయిర్‌లైన్ ఈ పద్ధతిని వదిలి, బ్యాంకర్ల జోలికి పోకుండా నేరుగా చిన్న మదుపరుల దగ్గరికి వెళ్ళింది. ఆ రోజుల్లో ‘ఎయిర్‌లైన్’ అంటే విమానయానం కాదు, పక్షి ఎగిరినంత తిన్నగా వేసిన దారి. రెండు నగరాల మధ్య సుమారు 750 మైళ్ళ సరళరేఖ మీద గంటకు 100 మైళ్ళ దాకా వేగంతో పది గంటల్లో, పది డాలర్లకు ప్రయాణికుణ్ణి చేరుస్తామని దాని ప్రమోటరు అలెగ్జాండర్ మిల్లర్ వాగ్దానం చేశాడు. 900 మైళ్ళకు పైబడిన చుట్టుదారుల మీద నడిచే అత్యంత వేగవంతమైన ఆవిరి రైళ్ళకు అప్పట్లో 18 గంటలు పట్టేదని గుర్తుంచుకుంటే, ఈ మాటలు ఎంతగా ఆకర్షించి ఉంటాయో తెలుస్తుంది.

అయితే వాటాలు అమ్ముడుపోవడానికి వేగం ఒక్కటే కారణం కాదు. కంపెనీ ‘ఎయిర్‌లైన్ న్యూస్’ అనే పత్రికను నడిపి, తవ్విన ప్రతి గజం మట్టినీ వార్తగా మలచి వాటాదారుల ఇళ్ళకు పంపింది. పట్టణాలలో వాటాదారుల సంఘాలు ఏర్పడ్డాయి. వాటా కొన్నవాడు తనను కేవలం మదుపరిగా కాక ఒక మహాకార్యంలో భాగస్వామిగా భావించుకున్నాడు. ఆ భావమే అతన్ని లెక్కలు అడగనీయలేదని చెప్పడం సమంజసం.

1906 సెప్టెంబరులో ఇండియానాలోని లా పోర్ట్ వద్ద పని మొదలైంది. సేకరించిన సొమ్ము నిజంగానే నేల మీద ఖర్చయింది కనుక దీనిని ఉత్త మోసమనడం న్యాయం కాదు. దోషం ఆ సరళరేఖలోనే ఉంది. వంపు తిరగకూడదు, ఎక్కుడు దాదాపు ఉండకూడదు, రోడ్లను నేలమట్టంలో దాటకూడదు అన్న నియమాలకు కట్టుబడినందువల్ల, మామూలు ఇంటర్అర్బన్ చుట్టి వెళ్ళే లోయను ఇది పూడ్చుకుంటూ పోవలసి వచ్చింది. చెస్టర్టన్ దగ్గర కాఫీ క్రీక్ అనే చిన్న వాగు లోయకు అడ్డంగా పోసిన మట్టికట్ట ఒక్కటే సంస్థ నిధులను హరించివేసింది. ఇంతలో 1907 అక్టోబరులో నికర్‌బాకర్ ట్రస్టు కుప్పకూలి దేశమంతటా ఆర్థిక భయోత్పాతం వ్యాపించడంతో వాటాల అమ్మకం దెబ్బతిన్నది. 750 మైళ్ళలో పూర్తయినది 20 మైళ్ళకు లోపే.

చిన్న మదుపరులను ఆశ్రయించిన మార్గం ఇదొక్కటే కాదు. మిన్నెసోటాలో పశువుల దాణా వ్యాపారి మేరియన్ శావేజ్ తన పరుగుల గుర్రం డాన్ ప్యాచ్ కీర్తిని పెట్టుబడిగా చేసుకుని, తాను 1907లో స్థాపించిన రైలు మార్గానికి వేలాది సామాన్యుల చేత వాటాలు కొనిపించాడు. ఆ మార్గం 1910లో నార్త్‌ఫీల్డ్ దాకా చేరి నిజంగానే రైళ్ళు నడిపినా, 1916లో గుర్రమూ యజమానీ ఒక్కరోజు తేడాతో మరణించగా దివాలా తీసింది.

గనుల, చమురు బావుల, భూముల వాటాలతో కూడా ఇటువంటి నష్టాలే పెరుగుతుండగా, 1911లో కాన్సాస్ రాష్ట్రం వాటాలు అమ్మేవారు ముందుగా ప్రభుత్వానికి లెక్కలు చూపి అనుమతి పొందాలని శాసించింది. ఉత్త నీలాకాశాన్ని అమ్మజూపేవారిని అదుపు చేసేవి కనుక ఈ కోవకు చెందిన శాసనాలకు ‘బ్లూ స్కై చట్టాలు’ అని పేరు వచ్చింది. ఇంటర్అర్బన్ మార్గాలు అన్నిటికంటే ఎక్కువగా ఉన్న ఒహాయో చేసిన చట్టం చెల్లుతుందని అమెరికా సుప్రీంకోర్టు 1917 జనవరిలో తీర్పు చెప్పింది. ఆ ఏడాది ముగియకముందే ఎయిర్‌లైన్ మీద బండ్లు శాశ్వతంగా ఆగిపోయాయి.