రోజుకొక్కటే ఫొటో

న్యూయార్క్ వీధిలో సర్కస్ ఏనుగుల గుంపు ఎదురైతే ఫొటోగ్రాఫర్ అయినవాడు కెమెరా తీయకుండా ఉంటాడా? జేమీ లివింగ్‌స్టన్ ఉన్నాడు. తీయవా అని పక్కనున్న స్నేహితుడు హ్యూ క్రాఫర్డ్ అడిగితే, ఇవాళ్టి ఫొటో అయిపోయిందన్నాడు. మధ్యాహ్నం భోజనాన్ని అప్పటికే తీసేశాడట. రోజుకు ఒక్కటే. ఏనుగులు వచ్చినా ఆ లెక్క మారదు.

ఈ నియమం ఎవరో పెట్టింది కాదు. 1979 మార్చి 31న, బార్డ్ కాలేజీలో చదువుకుంటున్న రోజుల్లో, లివింగ్‌స్టన్ ఒక పోలరాయిడ్ ఫొటో తీశాడు. కొన్ని వారాలయ్యాక చూసుకుంటే దాదాపు రోజుకొకటి చొప్పున తేలాయి. ఇలాగే సాగిద్దామనుకున్నాడు. పద్దెనిమిదిన్నరేళ్లు సాగింది.

అతని చేతిలోది పోలరాయిడ్ ఎస్‌ఎక్స్-70. మడిస్తే పలకలా అయిపోయే ఈ కెమెరాను పోలరాయిడ్ సృష్టికర్త ఎడ్విన్ ల్యాండ్ 1972లో బయటపెట్టాడు. దాని వెనక ఒక పసిపిల్ల ప్రశ్న ఉంది. 1943లో శాంటా ఫేలో సెలవులు గడుపుతుండగా ల్యాండ్ మూడేళ్ల కూతురు, నాన్న తీసిన ఫొటో ఇప్పుడే ఎందుకు చూడకూడదని అడిగింది. అయిదేళ్లకు, 1948 నవంబరులో, బోస్టన్‌లోని ఒక పెద్ద దుకాణంలో తొలి పోలరాయిడ్ కెమెరాలు అమ్మకానికొచ్చాయి. వాటిలో ఫొటోను కాగితం పొర నుంచి ఒలిచి తీయాలి. ఎస్‌ఎక్స్-70తో ఆ పనీ తప్పింది. మీట నొక్కగానే తెల్లటి అంచున్న చతురస్రం బయటికొచ్చి, పగటి వెలుతురులోనే, చూస్తుండగానే రంగులు తేలుతుంది. ప్యాకుకు పది ఫొటోలు. నెగెటివ్ ఉండదు కాబట్టి పోతే పోయినట్టే. లివింగ్‌స్టన్ లెక్కన ఒక ప్యాకు అంటే పది రోజుల జీవితం.

అంతకుముందు ఫొటో అంటే సందర్భం. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ అమ్మిన తొలి కొడాక్ వెల 25 డాలర్లు. వంద ఫొటోల ఫిల్మ్ ఎక్కించి ఇచ్చేవారు, అయిపోతే కెమెరాతో సహా రోచెస్టర్‌కు పంపాలి. 1900లో డాలరుకే బ్రౌనీ వచ్చి పిల్లల చేతికీ కెమెరా అందింది. అయినా ఫిల్మ్ ఉన్నన్నాళ్లూ పొదుపు పోలేదు. తెలుగిళ్లలో 36 ఫొటోల రీలు ఎక్కించి సంక్రాంతికి కొన్ని, తిరుపతి ప్రయాణంలో కొన్ని, పాప పుట్టినరోజుకు కొన్ని తీసి, ఇంకా రెండు మిగిలాయని నెలల తరబడి కడిగించకుండా దాచినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. అన్నం కంచానికో ఖాళీ కుర్చీకో ఆ రీలులో చోటుండేది కాదు. లివింగ్‌స్టన్ పండగకూ మామూలు రోజుకూ సమానంగా ఒక్కొక్కటి కేటాయించాడు. పెళ్లికీ ఒకటే, పలహారానికీ ఒకటే.

అతను సినిమా పనులు చేసేవాడు, సర్కస్‌లో ఆడేవాడు, అకార్డియన్ వాయించేవాడు. ఫొటోల్లో ఈ బతుకంతా ఉంది. కొన్ని మసక, కొన్నింటిలో ఏం ఉందో కూడా తెలియదు. విడిగా చూస్తే గోడకు తగిలించుకోదగ్గవి ఎన్నో ఉండవు. వరసలో పెట్టి చూస్తేనే వాటి బలం. ఒకరి ముఖం రావడం మొదలై, నెలల పాటు వస్తూ, ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఏమైందో ఏ ఫొటో వెనకా రాసి ఉండదు.

అదే కాలంలో, న్యూయార్క్‌లోనే, ఇంకొకరు ఇంతకంటే కఠినమైన నియమం పెట్టుకున్నారు. తైవాన్‌లో పుట్టి, ఓడ పనివాడిగా వచ్చి 1974లో అమెరికాలో దిగిపోయిన కళాకారుడు టెహ్‌చింగ్ షియే. 1980 ఏప్రిల్ 11 నుంచి ఏడాది పాటు, రాత్రనక పగలనక, గంటకొకసారి ఫ్యాక్టరీ హాజరు గడియారంలో కార్డు గుద్దాడు. గుద్దిన ప్రతిసారీ సినిమా కెమెరాతో తనది ఒక్క ఫ్రేము. పెరిగే జుట్టు కాలాన్ని చూపాలని ముందే గుండు చేయించుకున్నాడు. 8,760 గంటల్లో 133 తప్పాయి. వాటికీ లెక్క రాశాడు: 94 సార్లు నిద్రపోయాడు, 29 సార్లు ఆలస్యమైంది, 10 సార్లు తొందరపడి ముందే గుద్దాడు. ఏడాదంతా కలిపితే ఆరు నిమిషాల సినిమా. గడియారం ముళ్లు గిర్రున తిరుగుతుంటే పక్కన నిలబడ్డ మనిషి జుట్టు భుజాల దాకా దిగుతుంది. ఆ 94 అంకె దగ్గర మనసు ఆగుతుంది. ఏడాదిలో అన్నిసార్లే నిద్ర గెలిచిందంటే మిగతా రాత్రులు ఎలా గడిచి ఉంటాయో.

బోస్టన్‌లో కార్ల్ బేడెన్ 1987 ఫిబ్రవరి 23న, ఆండీ వార్హోల్ చనిపోయిన మర్నాడు, రోజూ తన ముఖాన్ని తీయడం మొదలుపెట్టాడు. ఒకే తరహా వెలుతురు, ఒకే వెనకతెర, ముఖంలో ఏ భావమూ ఉండదు. దశాబ్దాలు దాటినా మానలేదు. 1991లో మాత్రం ఒక రోజు తప్పింది.

ఈ అలవాటును బాగా అర్థం చేసుకున్న కథ ఒకటుంది. పాల్ ఆస్టర్ కథ 'ఆగీ రెన్స్ క్రిస్మస్ స్టోరీ' 1990 క్రిస్మస్ రోజున న్యూయార్క్ టైమ్స్‌లో అచ్చయింది. పొద్దున్నే పత్రిక తిరగేసే పాఠకుడి కోసం రాసిన చిన్న కథ. అందులో బ్రూక్లిన్ సిగరెట్ల దుకాణంలో పనిచేసే ఆగీ, రోజూ ఒకే వేళకు ఒకే వీధి మలుపు ఫొటో తీస్తుంటాడు. అయిదేళ్లకు వేన్ వాంగ్ దీన్ని 'స్మోక్' సినిమాగా తీశాడు. ఆగీగా హార్వే కైటెల్, ఆ దుకాణానికి వచ్చే ఒక రచయితగా విలియం హర్ట్. రచయిత ఆ ఫొటోల ఆల్బంలు చకచకా తిప్పేస్తూ అన్నీ ఒకటేనంటాడు. మెల్లగా చూడమంటాడు ఆగీ. మెల్లగా తిప్పుతున్న రచయితకు ఒక పేజీలో, పనికి వెళ్తూ, చనిపోయిన తన భార్య కనిపిస్తుంది. ఆమె కోసం తీసిన ఫొటో కాదది. రోజూ తీశాడు కనుక ఆ రోజూ తీశాడు, అంతే. ఆ మలుపులో ఆమె నడిచి వెళ్లడం అలా మిగిలింది.

డిజిటల్ కెమెరా వచ్చాక ఫొటోకు ఖర్చు లేకుండా పోయింది. నోవా కలీనా 2000 జనవరి 11న, 19 ఏళ్ల వయసులో, రోజూ తన ముఖం తీయడం మొదలుపెట్టి, ఆరేళ్ల ఫొటోలను వీడియోగా కూర్చి 2006 ఆగస్టులో యూట్యూబ్‌లో పెట్టాడు. మరుసటి ఏడాది 'సింప్సన్స్' కార్టూన్‌లో దానికి అనుకరణ వచ్చేంతగా పాకింది. 365 రోజులకు 365 ఫొటోలన్న పందెం కూడా ఆ దశాబ్దంలోనే ఊపందుకుంది. ఫోన్‌తో ఒక్క సాయంత్రంలో వంద తీయగలిగేవాళ్లు వాటిలోంచి ఒక్కటే ఏరుకోవాలి. లివింగ్‌స్టన్ ఏరుకోలేదు. అతను క్షణాన్ని ముందే ఎంచుకుని, ఆ తర్వాత ఏమొచ్చినా వదిలేసుకున్నాడు. ఈ రెండూ ఒకే పనిలా కనిపిస్తాయి కానీ, కానే కావు.

1997 మే నెలలో లివింగ్‌స్టన్ ఫొటోల్లోకి ఆసుపత్రి వస్తుంది. మెదడులో కణితి. తల మీద కుట్లు కనిపిస్తాయి. అక్టోబరు మొదట్లో పెళ్లి. అదే నెల 25న, తన 41వ పుట్టినరోజునే, లివింగ్‌స్టన్ చనిపోయాడు. ఆ తేదీకీ ఒక ఫొటో ఉంది. మొదటి రోజు నుంచి అప్పటికి 6,784 రోజులు. స్నేహితుల లెక్కకు వచ్చినవి 6,697 పోలరాయిడ్లు.

పదేళ్ల తర్వాత, 2007లో, స్నేహితులు క్రాఫర్డ్, బెట్సీ రీడ్ కలిసి వాటిని బార్డ్ కాలేజీలోనే ప్రదర్శించారు. నెగెటివ్‌లు లేవు కాబట్టి ప్రతి పోలరాయిడ్‌నూ మళ్లీ ఫొటో తీయాల్సి వచ్చింది. తేదీల వరసలో పేరిస్తే 7 అడుగుల ఎత్తు, 120 అడుగుల పొడవు అయింది. ఏనుగులు ఎదురైన రోజుకు ఆ వరసలో ఉన్నది ఒక మధ్యాహ్న భోజనం.