మాంద్యపు నీడలో మగ్గం

ఆర్థిక మాంద్యాలను చరిత్ర గణాంకాలలో నమోదు చేస్తుంది. వాటి బరువును మోసేది మాత్రం చిన్న అంగడి, చేనేత మగ్గం.

అత్తిబెలె ఆనేకల్లు తాలూకాలో, తమిళనాడు సరిహద్దున ఉన్నది. తాలూకా కేంద్రమైన ఆనేకల్లు పట్టునేతకు పేరెన్నికగన్నది. 1929లో ప్రపంచ మాంద్యం మొదలైననాటికి ఈ సీమ మైసూరు సంస్థానంలోను, పొరుగునున్న హోసూరు మద్రాసు రాజధానిలోను ఉండేవి. చైనా, జపానుల చౌక పట్టుతో సంస్థానపు రైతు నలుగుచుండగా, మాంద్యం కొనేవారి చేతిలోని డబ్బును కూడ హరించినది. 1934లో భారత ప్రభుత్వం విదేశీ పట్టుపై రక్షణ సుంకం విధించినది. అది పట్టుగూళ్ల రైతుకు ఊతమైనది. విదేశీ దారం వాడే నేతగానికి అదే భారమైనది.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనది. పట్టుచీరలకు గిరాకీ తెచ్చే పెళ్లిళ్లు వాయిదా పడినవి. చీర అమ్ముడుపోకుంటే షావుకారు దారమివ్వడు. దారం లేకుంటే మగ్గం ఆడదు. కూలి రాకుంటే కిరాణా అంగడి బాకీ తీరదు. పెద్ద సంస్థకు నిల్వధనం ఉంటుంది. చిన్న వ్యాపారికి రేపటి బేరమే పెట్టుబడి.

ఆ మే నెలలో కేంద్రం 3 లక్షల కోట్ల రూపాయల మేరకు తాకట్టు లేని రుణాల పథకం ప్రకటించినది. అయితే అది అప్పటికే బ్యాంకు అప్పు ఉన్న వ్యాపారులకే వర్తించినది. షావుకారు అరువుపై నడిచే మగ్గానికి బ్యాంకు గడప తెలియదు.

రెండు కాలాలలోను సాయం వచ్చినది. అందరి గడపకూ రాలేదు. మంచిరోజులలోనే లెక్కలు వ్రాసుకొనుట, బ్యాంకు ఖాతా, సహకార సంఘ సభ్యత్వం సమకూర్చుకొనుట చిన్న వ్యాపారికి రక్ష. ఆ లెక్కలు వ్రాయగల చదువు నిచ్చుటే పాఠశాల చేయగల మేలు.