రైఫిల్ స్కోప్

రైఫిల్ స్కోప్ అనేది తుపాకిపై అమర్చే చిన్న దూరదర్శిని. లక్ష్యాన్ని పెద్దదిగా చూపుతూ గురి గీతలను దానిపై నిలుపుతుంది. న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్ పరిసరాల్లో దీని వాడుక ప్రధానంగా ఎర్ర జింకల వేటతో ముడిపడింది. 1862లో ఇంగ్లండ్ నుంచి వెల్లింగ్టన్‌కు తెచ్చిన జింకలను వైరరాపా ప్రాంతంలో వదిలారు. నేడు తరరువా, రెముటాకా కొండల్లో ఎర్ర జింకలు విస్తరించి ఉన్నాయి.

తక్కువ ధర స్కోపుల్లో సర్వసాధారణమైనది 3-9×40 రకం: 3 నుంచి 9 రెట్ల పెంపు, 40 మి.మీ. ముందు కటకం, సాధారణంగా 25.4 మి.మీ. గొట్టం. కటకం వ్యాసాన్ని పెంపుతో భాగిస్తే కంటికి చేరే కాంతిపుంజం వెడల్పు వస్తుంది. 9 రెట్ల వద్ద 4.4 మి.మీ., 6 రెట్ల వద్ద 6.7 మి.మీ. అందుకే మసక వెలుతురులో పెంపు తగ్గిస్తే దృశ్యం తేటపడుతుంది. సర్దుబాటు మర పావు నిమిష కోణం రకమైతే, ఒక్కో క్లిక్‌కు 100 మీటర్ల వద్ద గురి సుమారు 7 మి.మీ. జరుగుతుంది.

చవక రకాల నాణ్యత తేలేది పెంపులో కాదు. కటకాల పూతలో, తుపాకి అదురుకు గురి చెదరకపోవడంలో, ఆవిరి పట్టకుండా నైట్రోజన్ నింపిన గొట్టం బిగువులో. తడిసిన దట్టమైన అడవిలో తక్కువ పెంపే ఎక్కువ ఉపయోగం. జంతువును గుర్తించడానికి మాత్రం బైనాక్యులర్ వాడాలి. స్కోపుతో వెతకడమంటే తుపాకిని ఎక్కుపెట్టడమే. న్యూజిలాండ్‌లో ప్రభుత్వ సంరక్షణ భూముల్లో వేటకు సంరక్షణ శాఖ అనుమతి పత్రం తప్పనిసరి.