కథలాపూర్ ఏ వెర్షన్‌లో ఉంది?

నా పదో తరగతి నాటి కాగితాల్లో మా ఊరి చిరునామా: కథలాపూర్, కరీంనగర్ జిల్లా, ఆంధ్రప్రదేశ్. 2014 జూన్ 2న రాష్ట్రం మారింది. 2016 అక్టోబర్ 11న జిల్లా జగిత్యాల అయింది, పక్కనున్న సిరిసిల్ల వేరే జిల్లా అయింది. అసెంబ్లీ నియోజకవర్గం మాత్రం వేములవాడే, అది సిరిసిల్ల జిల్లాలో! కొత్త బండ్ల నంబర్లు ఏపీ 15 నుంచి టీఎస్ 02, ఆపైన టీఎస్ 21, 2024 నుంచి టీజీ 21. పాత ఏపీ 15 బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఊరు అంగుళం కదల్లేదు, దిద్దాల్సిన కాగితాలు మాత్రం బోలెడు. బిల్డ్ ఫైళ్లతో కుస్తీ పట్టేవాళ్లకి ఇదెక్కడో చూసిన బాధలా లేదూ?

అసలు విషయానికొద్దాం. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 'మేక్' రాశాడు. ఏ ఫైలు మారితే దేన్ని మళ్లీ కంపైల్ చేయాలో అది చూసుకునేది, లైబ్రరీ ఏ వెర్షనో దానికి పట్టదు. 2000లో 'యాంట్' వచ్చాక కూడా జార్ ఫైళ్లన్నీ లిబ్ ఫోల్డర్లో కుప్పేసుకోవడమే. కొన్నిటికి పేరులో నంబరు కూడా ఉండేది కాదు.

2005లో మావెన్ 2 వచ్చింది. మనం ఒక లైబ్రరీని పిలిస్తే అది తన చుట్టాలందర్నీ వెంటబెట్టుకుని రావడం మొదలైంది. ఇరవై మాడ్యూళ్లలో ఇరవై చోట్ల వెర్షన్ రాస్తే ఏదో ఒకటి తప్పుతుంది కాబట్టి, పేరెంట్ పామ్‌లోని డిపెండెన్సీ మేనేజ్‌మెంట్‌లో ఒక్కసారి రాసుకునే వీలుంది. 2008లో 2.0.9తో వేరేవాళ్లు కుదిర్చిన జాబితాని దిగుమతి చేసుకునే పద్ధతీ వచ్చింది. గ్రేడిల్ వెర్షన్ కేటలాగ్ 2021లో ప్రయోగంగా మొదలై 2022లో స్థిరపడింది.

ఇదంతా చాదస్తం అనుకునేవాళ్లకి 2021 డిసెంబర్ సమాధానం చెప్పింది. లాగ్‌ఫోర్‌జేలో లాగ్‌ఫోర్‌షెల్ లోపం బయటపడింది. 2.15.0, 2.16.0, 2.17.0, 2.17.1... ఒక్క నెలలో నాలుగు విడుదలలు! వెర్షన్ ఒకే చోట ఉన్నవాళ్లు నాలుగుసార్లు ఒక్క లైను మార్చారు. మిగతావాళ్లకి ముందు అసలు ప్రశ్నే వేరు: అది మన దగ్గర ఎక్కడెక్కడుంది?

అలాగని ఒకే చోట రాస్తే అన్నీ తీరిపోవు. ఆ లైను పరోక్షంగా వచ్చే లైబ్రరీల మీద కూడా చెల్లుతుంది. ఎవరో ఎప్పుడో రాసిన పాత నంబరు కొత్త లైబ్రరీని చప్పుడు చేయకుండా వెనక్కి లాగుతుంది. కంపైల్ బాగానే అవుతుంది, రన్ అయ్యాక మెథడ్ లేదని ఏడుస్తుంది. అందుకే ఆ లైను రాసినవాళ్లు ఎందుకు రాశారో పక్కన ఒక ముక్క రాసిపెట్టాలి. అప్పుడప్పుడూ డిపెండెన్సీ ట్రీ తీసి చూడాలి.

సర్కారు నుంచి కూడా ఒకటి నేర్చుకోవచ్చు. జీఎస్టీలో తెలంగాణ కోడ్ 36. విడిపోయాక మిగిలిన ఆంధ్రప్రదేశ్‌కి పాత 28 ఇవ్వకుండా 37 ఇచ్చారు, 28 అంటే విభజనకు ముందున్న రాష్ట్రమే. విషయం మారితే నంబరూ మారాలి. పాత నంబరు కింద కొత్త సరుకు పెట్టకూడదు.

మా ఊళ్లో ఆ సూత్రం తెలియనివాళ్లు లేరు. పాత చిరునామాతో ఫారం నింపితే కౌంటర్ దగ్గర్నుంచే వెనక్కి పంపుతారు మరి!