గేటు ముందు నాలుగున్నర అడుగులు

2020 నవంబరు ఆఖరివారం, పొద్దున్నే ఏడు. ఎల్బీనగర్ దాటాక విజయవాడ హైవే దిగి ఒక కాలనీలోకి తిరిగారు మీరు. నాలుగడుగుల ముందు ఒకావిడ నడుస్తోంది. మెడలో కండువా లేదు, వెనక డప్పుల్లేవు. చేతిలో పచ్చదనం, నడక గురించిన కరపత్రాల కట్ట, భుజాన గుడ్డసంచి, సంచిలో తాపీమేస్త్రీలు వాడే టేపు. గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల్లో కార్పొరేటర్‌గా నిలబడ్డ స్వతంత్ర అభ్యర్థి. వార్డు మహిళలకు రిజర్వయింది కాబట్టి గేటు తీసిన మగవాళ్ళు ఆవిడ భుజం మీంచి వెనక్కి చూస్తున్నారు.

"సారు రాలేదా మేడం?"

"సారు డ్యూటీకెళ్ళారండీ. పోటీ చేసేది నేనే."

మాస్కు చాటున నవ్విందో లేదో మీకు తెలీదు.

గోడలు చూడండి. మోకాలెత్తున మట్టి చార ఇంకా పోలేదు. అక్టోబరు 13న ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 30 సెంటీమీటర్లు దాటి కురిసిన వాన ఈ కాలనీనీ వదల్లేదు. అందుకే ఏ గుమ్మంలో ఆగినా ముందు వచ్చేది వరద సాయం పదివేల మాటే. మీసేవ కేంద్రాల ముందు జనం బారులు తీరి ఉండగానే ఎన్నికల సంఘం ఆ సాయాన్ని ఆపేసి వారం దాటింది.

"చెట్లు తర్వాత బిడ్డా, మా పదివేలు ఏమాయె?" చేటలో బియ్యం ఏరుతున్న ముసలామె తల ఎత్తకుండానే అడిగింది.

"అది నా చేతిల లేదమ్మా."

ఓట్లడగడానికి వచ్చిన మనిషి నోట ఈ మాట మీరెప్పుడైనా విన్నారా? ముసలామె కూడా విని ఉండదు. ఏరడం ఆపి చూసింది.

"నా చేతికి వచ్చేది ఇదీ" అంటూ అభ్యర్థి గుమ్మం దగ్గర చతికిలబడి టేపు లాగింది. వీధి కంటే ఇంటి అరుగు జానెడు కిందికి ఉంది. ఇల్లు కట్టినప్పుడు అరుగే ఎత్తు. తర్వాత సీసీ రోడ్డు పడింది. అది పాడైతే తవ్వి తీయకుండా దాని మీదే ఇంకో పొర పోశారు. కొత్త రోడ్డు వేశామని కొబ్బరికాయ కొట్టిన ప్రతిసారీ ఈ ఇల్లు ఇంకాస్త గోతిలోకి దిగింది. పాతది గీకి తీశాకే కొత్తది వెయ్యాలన్నది కరపత్రంలో మొదటి మాట. పచ్చదనం, నడక అని మొదలుపెట్టిన మనిషి రోడ్డు మందం దగ్గర ఆగిందేమిటని మీకు అనిపించొచ్చు. నీళ్ళు నిలిచే వీధిలో నడకెక్కడిది?

పక్క గేటు దగ్గర ఒక రిటైర్డ్ ఉద్యోగి ఎదురొచ్చారు. ఆయన ఇంటిముందు కానుగచెట్టు, నిండా నీడ. "చూడమ్మాయ్, నేను నాటిందే. ఈ కాలనీలో మొక్కల గురించి అడిగింది నువ్వొక్కదానివే. నా ఓటు నీకే." అభ్యర్థి చెట్టు మొదలు చూస్తోంది. మాను చుట్టూ వేలు దూరే సందు లేకుండా సిమెంటు పోసి ఉంది. చెట్ల మొదళ్ళ చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసెయ్యమని 2013లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీకి చెప్పింది. ఇక్కడ ఆ మీటరు అడగాలంటే ఆయన ర్యాంపు పగలగొట్టాలి.

ఆ ర్యాంపు కాస్త దగ్గరగా చూడండి. కారు ఎక్కడానికి వేసింది. పైన ఎర్రటి గళ్ళ టైల్స్, అంచున రెండు తులసి కుండీలు. కింద మోరీ. మోరీలో పూడిక తీద్దామని పారిశుద్ధ్య కార్మికుడు వస్తే చెయ్యి కూడా దూరదు. అభ్యర్థి ర్యాంపు మీద టేపు పరిచింది. నాలుగున్నర అడుగులు. ఎదురింటిదీ దాదాపు అంతే. లేఅవుట్ కాగితంలో ఇది ముప్పై అడుగుల వీధి. అందులో రెండు ర్యాంపులు తీసెయ్యండి, ఓ పక్క నిలిపిన కారు తీసెయ్యండి. బడికి నడిచిపోయే పిల్లకి మిగిలేది బైకులూ ఆటోలూ దూసుకొచ్చే ఆ మధ్య దారే. నడకదారి ఎవడు మింగాడని వెతుక్కుంటూ బయల్దేరితే చాలాసార్లు మన గేటు దగ్గరే ఆగాల్సొస్తుంది. పార్టీలు చెప్పనిది ఇదే. ఫ్లైఓవర్ ఇస్తామంటే ఎవరూ ఒక అడుగైనా వదులుకోనక్కర్లేదు కదా!

"మూడడుగులు వెనక్కి జరపాలండీ, అందరితోపాటే" అంది.

ఆయన టేపు వంక చూశారు. ఓటు సంగతి మళ్ళీ ఎత్తలేదు.

మెయిన్ రోడ్డెక్కారు. ఫుట్‌పాత్ ఉంది, ఎక్కే మనిషే లేడు. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి దాని అంచు ఒక మెట్టు కాదు, రెండు మెట్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల ప్రకారం అంచు 15 సెంటీమీటర్లు మించకూడదు, ఇళ్ళుండే చోటైనా నడవడానికి 1.8 మీటర్లు ఖాళీగా వదలాలి. ఇక్కడ ట్రాన్స్‌ఫార్మర్ కంచెకీ మొబైల్ షాపు బోర్డుకీ మధ్య రెండడుగులు. ట్రాన్స్‌ఫార్మర్ కరెంటోళ్ళది, హైవే జాతీయ రహదారులవాళ్ళది, పైపు తవ్వకం జలమండలిది. వాళ్ళందరినీ ఒకచోట కూర్చోబెట్టడమే కార్పొరేటర్ పని అంటుంది ఈవిడ. అది పోస్టరు మీద పట్టే హామీ కాదు.

ఇడ్లీ బండి దగ్గర పొగలు. బండాయన కరపత్రం తీసుకుని అనుమానంగా చూశాడు. ఫుట్‌పాత్ అనే మాట వినపడితే తనని లేపేస్తారని అతనికి తెలుసు. "అన్నా, నీ బండి ఉంటది. ఈ మూలకి గీత గీసి ఇప్పిస్తే చాలు." 2014 వీధి వ్యాపారుల చట్టం చెప్పేదీ దాదాపు ఇదే. నాకైతే ఈ మాట నచ్చింది. ఈ రోడ్డున అయిదున్నరకే వెలిగే దీపం ఈ బండిదే. పొద్దున్నే వాకింగ్‌కి వచ్చే ఆడవాళ్ళకి కాస్త ధైర్యం ఆ దీపం దగ్గరే.

డివైడర్ మీద కోనోకార్పస్ బారుగా పెరిగింది. తొందరగా పచ్చబడుతుంది, కింద నిలబడ్డ మనిషికి నీడ మాత్రం ఇవ్వదు. గ్రేటర్ చట్టాన్ని ఈ అక్టోబరులోనే సవరించి బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి అన్నారు. ఆ డబ్బుతో వేపా కానుగా నాటాలని, తీగలు లేని వైపే నాటాలని, మూడో వేసవిలో నీళ్ళు పోసే మనిషికి జీతం ముందే పక్కన పెట్టాలని ఆవిడ అడుగుతోంది. పార్కు జాగా సంగతి ఒక్క వాక్యంలో తేల్చేసింది. ఈ ఏడాది లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం ఎల్ఆర్ఎస్‌లో, పదో వంతు ఖాళీ స్థలం వదలని లేఅవుట్ ప్లాటు విలువలో 14 శాతం కడితే సక్రమమైపోతుంది. కాగితం సరవుతుంది సరే, పిల్లలు ఆడుకునే చోటు ఎక్కడినుంచి వస్తుంది?

(డిసెంబరు 1న సగం మంది కూడా ఓటెయ్యరు, 46 శాతం చిల్లర. 1,122 మంది బరిలో ఉంటే గెలిచిన 150 మందిలో ఒక్క స్వతంత్రుడూ ఉండడు. ఈ పొద్దున ఆ సంగతి ఆవిడకీ తెలీదు, మీకూ తెలీదు.)

సంక్షేమ సంఘం ఆఫీసు ముందు అధ్యక్షుడు కుర్చీ వేయించి టీ తెప్పించారు. కరపత్రం రెండుసార్లు చదివారు. "అంతా బాగుందమ్మా. ఈ ర్యాంపుల లైను ఒక్కటి తీసెయ్. మా కాలనీ ఓట్లు గుండుగుత్తగా నీకు."

ఆవిడ టీ తాగడం పూర్తి చేసి, సంచిలోంచి ఇంకో పది కరపత్రాలు తీసి ఆయన బల్ల మీద పెట్టింది.

"మళ్ళీ అచ్చు వేయించడానికి డబ్బుల్లేవు సార్. ఇవి కూడా పంచండి."