తిథి, వేళ, దారి: శేషాచలం అడవిలో మనిషికి హద్దులు

మనిషి వచ్చిపోయేదే తప్ప నిలిచి ఉండని నేలనే అసలైన అడవిగా 1964 నాటి అమెరికా చట్టం నిర్వచించింది. ఈ భావన పేదల బతుకుదెరువును పక్కకు నెడుతుందని 1989లో చరిత్రకారుడు రామచంద్ర గుహ, నేల చరిత్రను చెరిపేస్తుందని 1995లో మరో చరిత్రకారుడు విలియం క్రోనన్ విమర్శించారు. ఇద్దరి వాదనా సబబే. అయితే, మనుషులు మసలే అడవి ఇంకా అడవిగా ఎలా నిలుస్తుందన్న ప్రశ్న మిగిలే ఉంది. మనిషి రాకపోకలకు షరతులున్నంత కాలమే అది అడవి అని తిరుపతి దగ్గరి శేషాచలం కొండలను చూస్తే అనిపిస్తుంది.

2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించిన శేషాచలం విస్తీర్ణం సుమారు 4,756 చదరపు కిలోమీటర్లు. ఎర్రచందనం సహజంగా పెరిగేది ఇక్కడా, చుట్టుపక్కల కొండల్లోనే. నిత్యం వేలాది మంది భక్తులతో కిటకిటలాడే తిరుమల ఈ అడవి మధ్యలోనే ఉంది. దానికి కొద్ది దూరంలోని బండల నెర్రెల్లో బంగారు బల్లి బతుకుతోంది. ఇంత రద్దీ పక్కన ఇంత అరుదైన జీవి ఎలా మిగిలిందంటే కొండల నిటారుతనం ఒక కారణం కావచ్చు, లోయల్లోని ఒక్కో తీర్థానికి ఏటా ఒక్కో పర్వదినాన జనం కదిలే ముక్కోటి ఆచారం మరొకటి కావచ్చు. రామకృష్ణ తీర్థానికి పుష్య పౌర్ణమి, కుమారధారకు మాఘ పౌర్ణమి, తుంబురు తీర్థానికి ఫాల్గుణ పౌర్ణమి. జనం గుంపులుగా లోయల్లోకి దిగేది ఆ పర్వాలకే. తర్వాత ఆ దారులు మళ్లీ అడవివే. పుణ్యం కోసం పెట్టుకున్న తిథి అడవికి విరామమైంది. ఇలాంటి యాత్రలో మనిషి నేర్చుకునేది స్వేచ్ఛ కాదు, తన వంతు వచ్చేదాకా ఆగడం.

ముక్కోటి రోజున పోగయ్యే ప్లాస్టిక్ మాటేమిటని అడగవచ్చు. అది నిజమే, తిథి ఒక్కటే చాలదు, సంఖ్యకూ హద్దు ఉండాలి. ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది: తేనె, దుంపలు, మూలికల కోసం ఈ కొండలెక్కిన యానాది గిరిజనులకు అడవి పండుగ కాదు, పూటకూడు. యాత్రికుడి షరతును వారిపై రుద్దితే రామచంద్ర గుహ ఎత్తిచూపిన అన్యాయమే మళ్లీ జరుగుతుంది. అడవిపై ఆధారపడి బతికేవారి హక్కును 2006 అటవీ హక్కుల చట్టం గుర్తించింది; చూడవచ్చేవారి కోరిక వేరు. కనుక విరామం పాటించాల్సింది రెండోవారే.

2023 ఆగస్టులో తిరుమలకు వెళ్లే అలిపిరి నడకదారిలో ఆరేళ్ల బాలికను చిరుత చంపినప్పుడు ఈ వాదనకు కఠిన పరీక్ష ఎదురైంది. దారికి ఇరువైపులా కంచె వేయాలన్నారు కొందరు. బిడ్డ ప్రాణం ముందు ఏ సిద్ధాంతమైనా చిన్నదే. కానీ పొడవునా కంచె వేస్తే జంతువుల రాకపోకలు తెగుతాయి. ఆ ఘటన తర్వాత పెట్టిన, మధ్యాహ్నం రెండు దాటాక పిల్లలను పంపకపోవడం, పెద్దలు గుంపులుగా నడవడం లాంటి కట్టడి మనిషి వేళను మార్చిందే తప్ప చిరుత దారిని మూయలేదు. తిథి చేసిన పనినే ఇక్కడ గడియారం చేసింది.

ఈ లెక్కన ముందుగా ఆలోచించాల్సింది ఇదే అడవిలోని తలకోన గురించి. 270 అడుగుల ఆ జలపాతానికి ముక్కోటి తీర్థాలకున్నట్టు ఒక తిథంటూ లేదు. సందర్శకుల సంఖ్యకు పరిమితి, ఏటా కొన్ని వారాల పూర్తి విరామం అక్కడ అమలు చేయాలి. ఆ వారాలు ఏవో నిర్ణయించేటప్పుడు అడవిపై ఆధారపడిన కుటుంబాలను అటవీ శాఖ తప్పక సంప్రదించాలి.